గొర్రె కార్జంలో జలగ



గొర్రెను కోసినప్పుడు కార్జంలో ఆకుల్లాంటి పురుగులు కనిపించడం మీలో చాలామంది ఎరిగినదే. చెరువులో నీళ్లు తాగేటప్పుడు జలగ లోపలికి పోయి అక్కడ కాపురం పెట్టిందని కొందరి నమ్మకం. అది నిజం కాదు. చెరువు జలగ ఒంటిమీద ఉంగరాల వంటి మడతలుంటాయి. దీనికవి లేవు. పేరుకే జలగ గాని, ఇది బద్దెపురుగుకు చుట్టం.

దీని ఒళ్లు ఎంత సాదాగా ఉంటుందో చూడండి. పొడవు 2½ నుంచి 7½ సెంటీమీటర్లు. నోటిచుట్టూ ఒక పట్టు, కాస్త కిందుగా పొట్టమీద ఇంకొక పట్టు. వీటితో పసరు గొట్టాల గోడను కరుచుకొని ఉంటుంది. పేగు కొమ్మలు చీలి ఒళ్లంతా పాకి ఉంటుంది గాని, మలద్వారం లేదు. మిగిలినది నోటితోనే కక్కవలసిందే. గుండె లేదు, ఊపిరితిత్తులు లేవు, కళ్లు లేవు. చీకట్లో తిండి నడుమ కూర్చున్నదానికి అవన్నీ ఎందుకు? ఆడా మగా ఒకే ఒంట్లో. రోజుకు వేల గుడ్లు పెడుతుంది.

ఆ గుడ్లు పెంటికలతో, పేడతో బయటపడి నీటిలో పొదుగుతాయి. వచ్చిన పిల్లకు తల్లికి లేని కంటిచుక్కలూ, ఈదడానికి ఒళ్లంతా నూగూ ఉంటాయి. ఒక రోజులోగా దానికి తగిన నత్త దొరకాలి, లేకపోతే చచ్చిందే. దొరికిందా, నత్త ఒంట్లో ఒకటి వందలవుతుంది. తరువాత తోకకప్పల వంటి పిల్లలు బయటికి వచ్చి, నీటి అంచున గడ్డిని అంటుకొని, తోక వదిలి తిత్తి కట్టుకుంటాయి. గొర్రె ఆ గడ్డి మేసిందంటే, పిల్ల జలగ పేగుగోడ తొలుచుకొని కార్జం చేరుతుంది. మరి 3, 4 నెలలకు అదీ గుడ్లు పెడుతుంది. యూరపు గొర్రెల జలగకు ఈ నత్త సంబంధాన్ని 1880ల తొలి సంవత్సరాల్లో ఇంగ్లండులో థామస్, జర్మనీలో ల్యూకార్ట్ ఎవరికి వారే కనుక్కొన్నారు.

దవడ కింద నీరు దిగి సంచిలా వేలాడిందంటే, కనురెప్ప లోపల పాలిపోయిందంటే జబ్బు ముదిరిందన్నమాట. వేరే కడుపు పురుగులవల్ల కూడా ఇలా కావచ్చు గనుక పేడ పరీక్ష చేయించండి. ఆక్సిక్లోజనైడ్ ఎదిగిన జలగల మీదనే బాగా పనిచేస్తుంది. ట్రైక్లాబెండజోల్ పిల్లలనూ చంపుతుంది. బరువునుబట్టి మోతాదు పశువుల డాక్టరే చెప్పాలి. పాడి పశువైతే ఆ మాట ముందే ఆయనకు చెప్పండి.

మందు ఒక్కటే చాలదు. వానలు వెనుకబట్టాక చెరువు శిఖంలో పచ్చిక నోరూరిస్తుంది, నత్తలున్నదీ అక్కడే. మందను మెరకకు తోలండి. నీళ్లు తొట్టిలో పెట్టండి. చెరువు గడ్డి కోయక తప్పకపోతే నీటిమట్టానికి పైనే కోసి, ఎండలో బాగా ఆరబెట్టి వేయండి. బాతులు పెంచేవారుంటే వాటిని ఆ మడుగుల్లోకి వదలండి, నత్తలను అవే ఏరుకు తింటాయి.