బుల్లెట్ బ్యాటరీ ఎందుకు నిలవదు?



ఎన్‌ఫీల్డ్ ఇండియా 1955లో మద్రాసులో మొదలైంది. ఆ పాత బుల్లెట్లు ఇక్కడ అండమాన్‌లోనూ తిరుగుతున్నాయి. "సాబ్, బ్యాటరీ నిలవటం లేదు" అని నా దగ్గరికి వస్తారు. అప్పటికే రెండో బ్యాటరీ కొని ఉంటారు!

బ్యాటరీ కరెంటు పుట్టించదు, దాచుకుంటుంది, అంతే. పుట్టించేది ఎడమవైపు చైన్‌కేసు లోపలి ఆల్టర్నేటర్. క్రాంకు కొసన అయస్కాంతం తిరుగుతుంది, చుట్టూ స్టేటర్ కాయిల్స్ కదలవు. అక్కడ వచ్చేది ఏసీ. దాన్ని డీసీ చేసి బ్యాటరీకి పంపేది రెక్టిఫయర్.

హెడ్‌లైట్ దగ్గర ఆమ్మీటరు ఉందిగా, అదే మన డాక్టరు. ఇంజను ఆపి లైటు వేస్తే ముల్లు మైనస్‌కి పోవాలి. స్టార్ట్ చేసి రేజ్ ఇస్తే ప్లస్ వైపు రావాలి. ఐడ్లింగ్‌లో కాస్త మైనస్ చూపితే కంగారు పడొద్దు.

రేజ్ ఇచ్చినా ముల్లు రాకపోతే వెంటనే స్టేటర్ మార్చకండి. ఇక్కడ ఉప్పుగాలి, పైగా రెండు రుతుపవనాల వాన. రెక్టిఫయర్‌ని ఫ్రేముకి బిగించిన బోల్టే చాలా బళ్ళలో ఎర్త్. దాని కింద తుప్పు పడితే దారి మూసుకుపోతుంది. విప్పి, మెరిసేదాకా గీకి, బిగించి, పైన వాసెలిన్ రాయండి. కనెక్టర్లలో పచ్చ చిలుము కూడా చూడండి.

మల్టీమీటరు ఉంటే ఇంకా సులువు. 12 వోల్టుల బండిలో ఇంజను ఆపితే 12.6, రేజ్‌లో 14 దగ్గర ఉండాలి.

కాయిల్ ఇగ్నిషన్ బళ్ళలో బ్యాటరీ పూర్తిగా పడిపోతే లైటే కాదు, ఇంజనూ ఆగుతుంది. చీకటిపడ్డాక చిడియా టాపు దారిలో ఆగితే తోసుకు రావాల్సిందే.

బండి తెచ్చినవాళ్ళు భోజనాలయ్యాక బయటికి రండి, ముల్లు చూసుకుందాం.