పెరటిలో శీతకాలపు పూలు

ధనుర్మాసము ప్రవేశించగానే తెలుగువారి వాకిళ్లలో గొబ్బెమ్మలు వెలయును. గొబ్బెమ్మల తలపై పూలు కావలెను. గుమ్మడి, బంతి, చామంతి, ఏ పెరటిలో ఏది పూచిన అది. బంతి లేని సంక్రాంతిని తెలుగువాడు ఊహింపజాలడు గాని, దాని పుట్టినిల్లు మెక్సికో దేశము. మిరప వలెనే సముద్రము దాటి వచ్చి మన యింటిదైనది. డిసెంబరము ఈ దేశపు మొక్కయే. చిత్రమేమన, పరదేశపు నెలపేరు దానికి దక్కినది. వాసన లేదని కొందరు దానిని చులకన చేయుదురు. జడలో తురిమిన ఆ ఊదారంగు దండను చూచినవారు ఆ మాట అనరు.

చామంతి సంగతి వేరు. మొక్క ఏపుగా పెరిగియు మొగ్గ తొడుగలేదని పలువురు ఎరువు మీద ఎరువు వేయుదురు. ముందు పైనున్న వీధిదీపమును చూడవలెను. చామంతి ముఖ్యముగా రాత్రి నిడివిని బట్టి మొగ్గ తొడుగును. కృష్ణా గోదావరీ తీరములలో జూన్ నెలలో పగలు ఇంచుమించు 13 గంటలు. డిసెంబరులో 11 గంటలే. పగటి నిడివికిని పూతకును గల సంబంధమును గార్నర్, అలార్డ్ అను అమెరికా శాస్త్రజ్ఞులు 1920లో పొగాకు మొక్కల వలన వెల్లడించిరి. లెక్కకు వచ్చునది ఎడతెగని చీకటియే యని పిమ్మట, 1938లో, హామ్నర్, బోనర్ అనువారు చూపిరి. నడిరేయి కొంతసేపు దీపము వెలిగినను చామంతికి ఆ రాత్రి రెండు ముక్కలగును. పూలసాగు చేయువారు కొందరు ఈ కిటుకెరిగి, పూత వెనుకకు జరుపుటకై తోటలో కావలెననియే దీపములు వెలిగింతురు. పెరటివారికి ఆ దీపమే శత్రువు. అట్లని పంచాయతీవారితో తగవు పెట్టుకొన పనిలేదు. వీధికి వెలుగు కావలసినదే. కుండీని గోడచాటునకు మార్చిన చాలును.

మరియొక నష్టము పండుగ దాటిన పిమ్మట జరుగును. పూలు వాడగానే మొక్కను పెరికి పారవేసి, మరుసటి యేడు కడియపు తోటల నుండి వచ్చిన మొక్కను మరల కొందురు. వాడిన కొమ్మలను నేలకు జానెడెత్తున కోసి యుంచినచో మొదటినుండి పిలకలు లేచును. వేసవిలో నీడపట్టున నీరు పోసి కాపాడి, వానలు పడిన పిదప వేళ్లతో విడదీసి నాటవలెను. నీరు నిలిచెనా, వేరు కుళ్లును. జానెడు ఎదిగినప్పుడు చివురు త్రుంచిన పక్కకొమ్మలు వచ్చును. భాద్రపదము దాటినచో త్రుంచరాదు, మొగ్గలే పోవును. ఒక్క తల్లిమొక్క పిలకలు రెండు మూడిండ్లకు సరిపోవును.