దారి మళ్లిన కాంతి

చీకటి గదిలోకి పెంకుటింటి కప్పు సందులోంచి ఎండ పడినప్పుడు ఆ వెలుగు గీత వెంట నలుసులు తేలుతూ కనిపిస్తాయి. ఆ నలుసునే నిఘంటువులు త్రసరేణువు అంటాయి. సూటిగా పోయే కాంతి పక్కనున్నవారి కంటికి ఆనదు. నలుసులు దానిలో కొంత భాగాన్ని నలుదిక్కులకూ చిమ్మడం వల్లనే ఆ గీత కనిపిస్తుంది. పదార్థ కణాలు కాంతిని ఇలా దారి మళ్లించి చెదరగొట్టడాన్ని పరిక్షేపణం అంటారు.

1. ఆకాశ నీలిమ

కంటికి కనిపించే కాంతి తరంగదైర్ఘ్యం ఊదా రంగు వద్ద సుమారు 400 నానోమీటర్లు, ఎరుపు వద్ద 700 నానోమీటర్లు. ఈ విద్యుదయస్కాంత తరంగం గాలి అణువులను తాకినప్పుడు వాటిలోని ఎలక్ట్రాన్లు ఊగుతాయి. అలా ఊగుతూ అవి అదే పౌనఃపున్యం గల కాంతిని వెదజల్లుతాయి. ఆ కాంతి తీవ్రత తరంగదైర్ఘ్యపు నాలుగో ఘాతానికి విలోమానుపాతంలో ఉంటుందని 1871లో జాన్ విలియం స్ట్రట్ నిరూపించారు. తరవాతి కాలంలో లార్డ్ రేలీగా ప్రసిద్ధుడైన శాస్త్రవేత్త ఆయనే. ఈ సూత్రం ప్రకారం 450 నానోమీటర్ల నీలి కాంతి 700 నానోమీటర్ల ఎర్ర కాంతి కన్నా దాదాపు 6 రెట్లు ఎక్కువగా చెదురుతుంది. ఊదా అంతకన్నా ఎక్కువే చెదిరినా, సూర్యకాంతిలో దాని పాలు తక్కువ. కంటికి దాన్ని గ్రహించే శక్తీ తక్కువ. అందుకే ఆకాశం నీలంగా కనిపిస్తుంది.

పొద్దు గుంకేవేళ కిరణాలు వాతావరణంలో చాలా దూరం ప్రయాణిస్తాయి. దారిలోనే నీలం చెదిరిపోయి ఎరుపు, నారింజ రంగులు మిగులుతాయి. గ్లాసు నీళ్లలో రెండు పాలచుక్కలు కలిపి టార్చి వేస్తే ఈ రెండు రంగులనూ ఇంట్లోనే చూడవచ్చు. పక్కనుంచి చూస్తే నీలి ఛాయ, ఎదురుగా చూస్తే ఎర్రని ఛాయ కనిపిస్తాయి. మేఘాల్లోని నీటిబొట్లు కాంతి తరంగదైర్ఘ్యం కన్నా ఎంతో పెద్దవి కాబట్టి అన్ని రంగులనూ ఇంచుమించు సమానంగా చిమ్ముతాయి. మేఘాల తెలుపుకు కారణం ఇదే.

2. సముద్రం వేసిన ప్రశ్న

సముద్రపు నీలం ఆకాశపు ప్రతిబింబమేనని రేలీ భావించారు. 1921లో యూరప్ నుంచి నార్కుండా ఓడలో తిరిగివస్తూ భారతీయ భౌతిక శాస్త్రవేత్త చంద్రశేఖర వేంకట రామన్ మధ్యధరా సముద్రాన్ని నికల్ పట్టకం గుండా పరిశీలించారు. నీటి ఉపరితలంపై ఒక నిర్దిష్ట కోణంలో పరావర్తనం చెందిన కాంతి ధ్రువణం చెంది ఉంటుంది, అంటే ఒకే దిశలో కంపిస్తుంది. పట్టకాన్ని తగినట్టు తిప్పితే ఆ కాంతి ఆగిపోతుంది. అలా ప్రతిబింబం తొలగినా నీలం తగ్గలేదు సరికదా, మరింత చిక్కబడింది. నీటి అణువులే కాంతిని చెదరగొడుతున్నాయని రామన్ గ్రహించారు. నీరు ఎరుపును ఎక్కువగా పీల్చుకోవడం కూడా ఈ రంగుకు ముఖ్య కారణం.

3. రామన్ ఫలితం

ఈ అన్వేషణ ఏడేళ్లు సాగింది. 1928 ఫిబ్రవరి 28న కలకత్తాలోని ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్‌లో, సహ పరిశోధకుడు కె. ఎస్. కృష్ణన్‌తో కలిసి రామన్ సాగించిన పరిశోధనలో, చెదిరిన కాంతిలో కొత్త రంగు గీతలు కనిపించాయి. అణువు తన కంపనానికి కావలసిన శక్తిని కాంతి నుంచి కొంత తీసుకుంటే పౌనఃపున్యం తగ్గుతుంది. తన శక్తిని కొంత ఇస్తే పెరుగుతుంది. ఇలా మారే కాంతి అత్యల్పం. అయినా రామన్ వర్ణపటం అనే ఆ గీతల వరుస ఒక్కో పదార్థానికి ఒక్కో తీరులో, వేలిముద్రలా ఉంటుంది. రామన్ ఫలితంగా పేరొందిన ఈ ఆవిష్కరణకు 1930లో రామన్‌కు నోబెల్ బహుమతి లభించింది.

తెలుగు నేలకూ ఈ చరిత్రలో గౌరవప్రదమైన పాలు ఉంది. రామన్ బాల్యపు చదువు విశాఖపట్నంలో సాగింది. కృష్ణా జిల్లాలో పుట్టిన సూరి భగవంతం కలకత్తాలో రామన్ వద్ద పరిశోధన చేసి, కాంతికణమైన ఫోటాన్‌కు భ్రమణం ఉందని ఆయనతో కలిసి 1931లో ప్రయోగపూర్వకంగా చూపారు. తరవాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆచార్యులై ఈ విద్యను వాల్తేరులో నిలబెట్టారు.

నేడు రత్నాల నిజానిజాలు తేల్చడానికీ, సీసా మూత తీయకుండానే మందును పరీక్షించడానికీ రామన్ వర్ణపటం ఉపయోగపడుతోంది. సముద్రం మీద ఆ ప్రశ్న పుట్టిన నూరేళ్లకు, 2021లో అంగారకుడిపై దిగిన పర్సెవరెన్స్ రోవర్ అక్కడి రాళ్లను పరీక్షించడానికి తీసుకువెళ్లిన పరికరాల్లో రామన్ వర్ణపటమాపకాలు ఉన్నాయి.