దూదిపుల్ల చేతికిచ్చారు... ఆ తర్వాత?

ఇవాళ కొంచెం మొహమాటపడే టాపిక్. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వింటానంటే పెట్టుకోండి, పర్లేదు. అసలు ఈ ఎపిసోడ్ ఆ మొహమాటం గురించే.

సర్వైకల్ క్యాన్సర్, అంటే గర్భాశయ ముఖద్వారానికి వచ్చే క్యాన్సర్. దాదాపు ప్రతి కేసు వెనకా హెచ్‌పీవీ అనే వైరస్ ఉంటుంది. శారీరక సంబంధాల వల్ల ఇది చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు సోకుతుంది. ఎక్కువమందిలో రెండేళ్లలోపు దానంతటదే పోతుంది. కొందరిలో మాత్రం ఉండిపోతుంది. అది క్యాన్సర్‌గా మారడానికి మామూలుగా పదేళ్లు, ఇంకా ఎక్కువే పడుతుంది. అంటే ముందే కనిపెట్టి ఆపడానికి బోలెడు టైమ్ ఉంది. మరి ఆపలేకపోతున్నది ఎక్కడ?

ఒకసారి న్యూజిలాండ్ వెళ్దాం. దక్షిణ ఆక్లాండ్‌లో మాంగెరె, ఓటారా లాంటి ఏరియాల్లో సమోవా, టోంగా, కుక్ ఐలాండ్స్, నియూ దీవుల మూలాలున్న కుటుంబాలు చాలా ఉంటాయి. ఆ దేశంలో జాతీయ స్క్రీనింగ్ కార్యక్రమం 1990లోనే మొదలైంది. అయినా పసిఫిక్ మహిళల్లో టెస్ట్ చేయించుకునేవాళ్లు మిగతావాళ్ల కంటే తక్కువగానే ఉంటూ వచ్చారు.

"వాళ్లకి అవగాహన లేదు" అనేయడం ఈజీ. కానీ ఆవిడ వైపు నుంచి చూడండి. పాత టెస్ట్ అంటే బల్ల మీద పడుకోవాలి. స్పెక్యులమ్ అనే పరికరం లోపల పెట్టి నర్సో డాక్టరో కణాలు తీస్తారు. చాలామందికి ఫీజు కూడా. క్లినిక్ తెరిచి ఉండే టైమ్‌కి ఆవిడ ఫ్యాక్టరీ షిఫ్టులో ఉంటుంది. సమోవన్ ఇళ్లలో అన్నదమ్ముల ముందు ఆడవాళ్లు ఇలాంటి మాటలెత్తడం మర్యాద కాదు. పైగా ఆ క్లినిక్‌లో నర్సు తన చర్చిలో పక్క వరసలో కూర్చునే ఆవిడే అయితే? ఇక వెళ్తుందా?

2023 సెప్టెంబర్ 12న అక్కడ పద్ధతి మారింది. 25 నుంచి 69 ఏళ్లవాళ్లకి ముందు హెచ్‌పీవీ టెస్టే. కావాలంటే శాంపిల్ తనే తీసుకోవచ్చు. పొడుగాటి దూదిపుల్ల లాంటి స్వాబ్, తలుపేసుకుంటే కొద్ది నిమిషాల పని. వైరస్ లేకపోతే చాలామందికి మళ్లీ ఐదేళ్ల తర్వాతే. పసిఫిక్, మావోరీ మహిళలకు ఫ్రీ. చర్చి హాల్లోనో మొబైల్ వ్యాన్‌లోనో, తన భాషలో చెప్పే మనిషి దగ్గర ఈ స్వాబ్ అందిందనుకోండి, ఆవిడకి సగం అడ్డంకులు పోయినట్టే.

మిగతా సగం? వైరస్ ఉందని రిజల్ట్ వస్తే కథ అప్పుడే మొదలవుతుంది. 16, 18 రకాలైతే కాల్పోస్కోపీకి, అంటే ముఖద్వారాన్ని పెద్దదిగా చూపించే పరికరంతో పరీక్షకి, హాస్పిటల్‌కి వెళ్లాలి. వేరే రకాలైతే కణాల టెస్ట్ కోసం మళ్లీ రావాలి. మళ్లీ సెలవు, మళ్లీ బస్సు, పిల్లల్ని ఎవరు చూస్తారు... అన్నీ తిరిగొస్తాయి. దాంతోపాటు భయం: "నాకు క్యాన్సరా? మా ఆయన ఎక్కడైనా తిరిగాడా?"

రెండూ కానక్కర్లేదు. పాజిటివ్ అంటే క్యాన్సర్ అని కాదు. ఈ వైరస్ ఏళ్ల తరబడి చప్పుడు లేకుండా ఉండగలదు, ఎప్పుడు సోకిందో ఎవరూ చెప్పలేరు. ఈ రెండు మాటలు ఆవిడకి సమోవన్‌లోనో టోంగన్‌లోనో ఫోన్ చేసి ఓపిగ్గా చెప్పే మనిషి కావాలి. ఆ ఫోన్ వెళ్లకపోతే, ఇచ్చిన స్వాబ్ లెక్కల్లో పనికొస్తుంది, ఆవిడకి పనికిరాదు.

న్యూజిలాండ్‌లో ఉన్న మన తెలుగు అక్కలకీ ఈ సెల్ఫ్ టెస్ట్ ఉంది. ఫీజు అందరికీ మాఫీ కాదు, అడిగి తెలుసుకోండి.

ఇక మన దేశం సంగతి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 30-49 ఏళ్ల మహిళల్లో ఈ స్క్రీనింగ్ ఎప్పుడైనా చేయించుకున్నవాళ్లు 100కి ఇద్దరు కూడా లేరు. మన ఇళ్లలో మాత్రం మొహమాటం తక్కువా ఏంటి?

రెండు జాగ్రత్తలు. హెచ్‌పీవీ టీకా వేయించుకున్నా స్క్రీనింగ్ కావాలి. నెలసరి కాని టైమ్‌లో, కలయిక తర్వాత, లేదా నెలసరి ఆగిపోయాక బ్లీడింగ్ కనిపిస్తే స్క్రీనింగ్ టైమ్ కోసం ఆగకండి, నేరుగా డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

ఈ రాత్రి అమ్మనో పెద్దమ్మనో ఒక్కసారి అడగండి, "ఎప్పుడైనా ఈ టెస్ట్ చేయించుకున్నావా?" అని. లేదంటే, తోడుగా మీరే వెళ్లండి. ఉంటా మరి, బై!