ముచ్చటకు పెంచిన మేక

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతములలో మేక మందగా ఇంటికి వచ్చుట అరుదు, పిల్లగా వచ్చును. పిల్లవాడు మారాము చేసెననియో, ఆడబిడ్డకు అరణముగా ఇచ్చిరనియో, మొక్కు తీరువరకు పెంచవలెననియో ఒక పిల్లను తెచ్చి వాకిట గుంజకు కట్టుదురు. దానికొక ముద్దుపేరు పెట్టుదురు. కొంత తౌడు, కొంత గంజి, నాలుగు మర్రిమండలు దానికి చాలును. కొంతకాలమునకు అది ఈనును. రెండు మూడేండ్లలో గుంజ చాలక దొడ్డి కావలసివచ్చును. అప్పుడు ఇంటివారికి, ముఖ్యముగా ఇల్లాలికి, ఒక ఆలోచన కలుగును: దీనినే వ్యాపారముగా చేసికొనరాదా? ఆ ఆలోచనకును వ్యాపారమునకును నడుమనున్న దారిని గూర్చియే నేడు మేము ముచ్చటింపదలచితిమి.

లెక్క వేయుట సులభము. మేక చూలు మోయునది సుమారు 150 దినములు. చక్కగా మేపినచో 2 సంవత్సరములలో 3 ఈతలు ఈనును. ఈతకు ఒకటిన్నర పిల్ల చొప్పున చూచినను 5 మేకలకు 22 పిల్లలు. అందులో సగము ఆడవి. ఈ లెక్కతో కొందరు రాత్రికి రాత్రియే లక్షాధికారులగుదురు. కాగితముమీది పిల్లకు జలుబు చేయదు, పారుడు పట్టదు. దొడ్డిలోని పిల్లకు రెండును కలుగును. పుట్టిన గంటలోపల ముర్రుపాలు త్రాగని పిల్ల, తడిసిన నేలపై రాత్రులు గడపిన పిల్ల చేతికి దక్కుట కష్టము.

అయినను, మందను నిజముగా చెరచునది చావుకాదు, అమ్మకము. ఈ మాట వినుటకు వింతగా నుండవచ్చును. రెండేండ్లకొకమారు మాఘమాసములో మేడారము జాతర వచ్చును. మేడారము నేడు ములుగు జిల్లాలో నున్నది. 2019కి పూర్వము భూపాలపల్లి జిల్లాలోనిది. జాతరకును, బక్రీదుకును, పెండ్లిండ్లకును బేరగాడు ఇల్లు వెదకికొని వచ్చును. అతడు చేయివేయునది ఏపుగా ఎదిగిన పోతుపైననే. మంచి ధర వచ్చినదని ఇంటివారు సంతోషింతురు. మిగిలినది బక్కచిక్కిన పోతు. అది అమ్ముడుపోలేదు కనుక మందలోనే యుండి, తుదకు ఆ మందకే తండ్రి యగును. తన తల్లికిని, తన చెల్లెండ్రకును కూడ. ఇట్లు నాలుగైదు ఈతలు గడచిన పిమ్మట, "మా మేకలు మునుపటివలె ఎదుగుట లేదు, దిష్టి తగిలినది" అందురు. దిష్టి కాదు, ఆ పోతే కారణము.

కోతకు అమ్ముట వేరు, పెంపకమునకు అమ్ముట వేరు. కోతకు కొన్నవాడు తూకము చూచుకొని పోవును. మరునాటితో ఆ సంబంధము తీరును. పెంపకమునకు కొన్నవాడు ఏడాది తరువాత తిరిగి వచ్చును, మెచ్చికొనుటకో, జగడమాడుటకో. అందుచేత అమ్మువానివద్ద ఒక పుస్తకము ఉండవలెను. ఏ మేక ఏనాడు ఈనినది, ఎన్ని పిల్లలు, తండ్రిపోతు ఏది, మూడవనెలలో పిల్ల తూకమెంత, ఏ టీకా ఎప్పుడు వేయించిరి — ఇంతే. బడిపిల్లవాడు వ్రాయగలిగిన లెక్కయే. చెవికొక బిళ్ళ కావలెను. ముద్దుపేర్లు పదింటివరకే జ్ఞాపకముండును.

జాతి విషయమున మా అభిప్రాయము దాచనక్కరలేదు. చెవులు జానెడు వ్రేలాడుచున్న జమునాపారిని చూచి మనసు పారవేసికొనువారు పెక్కురు. అది ఉత్తరప్రదేశములోని ఇటావా ప్రాంతపు యమునా, చంబలు లోయలలో పుట్టిన జాతి. అందము కాదనము. కాని మొదటిసారి దిగువారికి ఉస్మానాబాదీ మేలు. అది పూర్వపు హైదరాబాదు రాష్ట్రములోని ఉస్మానాబాదు పేరున వెలసిన జాతి; ఆ ఊరినే నేడు ధారాశివ్ అందురు. ఎక్కువగా నల్లనివి, మన ఎండకు ఓర్చునవి, కవలలను తరచుగా ఈనునవి.

మూడుచోట్ల మేపు ఒక్కతీరుగా లేదు. జనగామ వైపు తుమ్మ, రేగు, కోసిన చేలు ఆధారము. ప్రత్తి ఏరిన చేలలోనికి తోలుటకు ముందు మందు ఎప్పుడు కొట్టిరో రైతునడుగవలెను. 2006లో వరంగల్లు ప్రాంతమున ప్రత్తిచేలలో మేసిన గొఱ్ఱెలు చనిపోయినవన్న వార్త దేశమంతట చర్చకు వచ్చినది. మహబూబాబాదు తండాలకు గూడూరు వైపున అడవి చేరువ. భూపాలపల్లి, మహాదేవపూర్ వైపు ఆకునకు కొదువలేదు; కాని లేతమొక్కను మేక కొరుకుననుచు అడవిశాఖవారు అడ్డగింతురు, అది న్యాయమే. మంద ముప్పది దాటినచో ఇంటి చేనిలోనే కొంతభాగమున అవిశ, సుబాబుల్ వేసికొనక తప్పదు.

ప్రభుత్వ సాయమును గూర్చి ఒక్క మాట. 2017లో తెలంగాణ ప్రభుత్వము గొల్ల కురుమలకు 20 గొఱ్ఱెలను, 1 పొట్టేలును రూ. 1,25,000 విలువకు నిర్ణయించి, నూటికి 75 వంతులు తాను భరించినది. 2019 గణనలో 1 కోటి 90 లక్షల గొఱ్ఱెలతో తెలంగాణము దేశమున ప్రథమస్థానమున నిలిచినది. మేకలు సుమారు 49 లక్షలు. 2021లో సవరించిన జాతీయ పశుసంపద పథకమున 100 ఆడమేకలు, 5 పోతులు గల మందలనుండి 500, 25 గల మందలవరకు పెట్టుబడిలో సగము రాయితీగా ప్రకటించిరి. రెండు పథకములలోను ఇరువదికి ఒకటియే లెక్క! మందలోని ప్రతి పిల్లకును సగము పాలు ఆ ఒక్క పోతుదే. కొనునప్పుడు ఇరువదింటిని పండ్లు పట్టిచూచి, ఇరువదియొకటవ దానిని చూడక తోలుకొనివచ్చుట తగునా? దానిని వేరొక ఊరి మందనుండి కొనవలెను. దాని కూతుండ్లు ఎదకు వచ్చులోపల మార్చవలెను.

వానలకు ముందు చిటుకరోగపు టీకా, పారుడురోగపు టీకా, నట్టలమందు తప్పక వేయింపవలెను. పారుడురోగము మనదేశమున మొదట 1987లో తమిళనాడున కనబడినది. 2030 నాటికి ప్రపంచమునుండి దానిని తొలగింపవలెనని అంతర్జాతీయ సంస్థలు పూనుకొన్నవి. సందేహము కలిగినచో మండల పశువైద్యునిగాని, వరంగల్లు చేరువ మామునూరు పశువైద్య కళాశాలవారినిగాని అడుగవచ్చును.

ఇక ఆ ఇల్లాలి మాట. ఒకనాడు పొరుగు జిల్లానుండి ఒకడు వచ్చి, కోతకు కాదు, పెంచుకొనుటకు ఒక పోతుపిల్ల కావలెననును. ధర అడుగుటకు ముందు, "దీని తల్లి ఏదమ్మా?" అనును. ఆమె పుస్తకము చేతబట్టుకొని అతనిని దొడ్డిలోనికి తోడ్కొనిపోవును.