వాదన పాట దాకే, మనిషి దాకా వద్దు

(కరామాలో జరిగిన మన వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సోనాపూర్ నుంచి, అల్ ఖూజ్ నుంచి, జెబల్ అలీ నుంచి, వారానికి ఉన్న ఒక్క సెలవునూ పక్కనపెట్టి బస్సెక్కి, మెట్రో ఎక్కి ఇక్కడి దాకా వచ్చారు. ముందుగా అందుకు ధన్యవాదాలు.

ఈ సభల్లో మేం ఎక్కువగా మాట్లాడేది జీతాలు, పాస్‌పోర్టులు, వీసా రద్దులు, ఊళ్ళో అప్పుల గురించి. ఈసారి సినిమా సంగీతం గురించి మాట్లాడదాం అంటే కమిటీలోనే కొందరు నవ్వారు. ‘ఇది కూడా మన సమస్యేనా?’ అన్నారు. అవును, మన సమస్యే. గది తగాదాలు మా దగ్గరకు వస్తూనే ఉంటాయి. వంట వంతు, బాత్రూం, ఏసీ, కరెంటు బిల్లు, ఇవి ఎప్పుడూ ఉన్నవే. ఈ మధ్య ‘వాడితో ఒకే మెస్‌లో తినను’ అనే మాట ఎక్కువ వింటున్నాం. ఎందుకని ఆరా తీస్తే తీస్తే చివరికి తేలేది, తమన్ బీజీఎం గురించి ఒకాయన ఏదో అన్నాడు, ఇళయరాజా గురించి ఇంకొకాయన ఇంకేదో అన్నాడు. అక్కడ మొదలై ఎక్కడికో పోయింది.

అయితే ఒక మాట ముందే చెబుతున్నాం. వాదించుకోవద్దని చెప్పడానికి మేం రాలేదు. బాగా వాదించుకోండని చెప్పడానికే వచ్చాం.

ఎందుకంటే, పొద్దున నాలుగింటికి లేచి, పన్నెండు గంటలు బయట ఉండి, రాత్రి గదికి చేరిన మనిషిని ‘ఏమన్నా, ఎట్లున్నవ్’ అంటే ‘ఊఁ’ అంటాడు. ఇంటి సంగతి అడిగితే ఫోన్ తీసుకుని అటు తిరుగుతాడు. అదే మనిషి ముందు ‘ఇళయరాజా పని అయిపోయిందిలే’ అని చూడండి. మంచం మీద నుంచి లేచి కూర్చుంటాడు. పనిచోట మన అభిప్రాయం అడిగేవాడు లేడు. చెప్పింది చెయ్యడమే. ఇక్కడ మాత్రం ‘నీకు ఏది బాగుంది, ఎందుకు బాగుంది’ అని అడిగేవాళ్ళు ఉన్నారు. గదిలో మాట్లాడటం మానేసిన మనిషి గురించే మాకు ఎప్పుడూ భయం. అలాంటి మనిషి నోరు విప్పే తలుపు ఇదొక్కటే కావొచ్చు. ఆ తలుపును ఎగతాళితో మూసెయ్యకూడదు.

ఇప్పుడు వాదన సంగతికి వద్దాం. కరామా పార్కులో, కరక్ టీ కొట్ల ముందు, ఏడీసీబీ మెట్రో మెట్ల దగ్గర మనవాళ్ళ మాటలు వింటే సగం గొడవ దేని గురించి మాట్లాడుతున్నారో తేల్చుకోకపోవడం వల్లే. పాట వేరు, బీజీఎం వేరు. పాట సినిమా లేకపోయినా బతుకుతుంది. పెళ్ళి బరాత్‌లో మోగుతుంది, రింగ్‌టోన్ అవుతుంది. బీజీఎం అలా కాదు. సినిమా తీసి, కోసి, కూర్చిన తర్వాత సంగీత దర్శకుడు రీలు రీలుగా చూస్తూ ఇక్కడ వాయించాలి, ఇక్కడ ఆపాలి అని చేసే పని. దాన్నే పాతవాళ్ళు రీరికార్డింగ్ అనేవారు. ఎక్కడ వాయించాడో ఎంత ముఖ్యమో, ఎక్కడ వాయించకుండా ఊరుకున్నాడో అంతే ముఖ్యం.

ఈ తేడా తెలియక వచ్చే తగువులు చూడండి. కీరవాణి గారికి ‘నాటు నాటు’కు 2023 మార్చిలో ఆస్కార్ వచ్చింది. ఇక్కడ తెల్లవారుజామున మనవాళ్ళు క్యాంపు బస్సుల కోసం నిలబడే వేళకు ఆ కార్యక్రమం జరుగుతోంది. ఆ అవార్డు పాటకు. రాసిన చంద్రబోస్ గారికి కూడా అందులో భాగం ఉంది. బీజీఎంకు కాదు. అందుకని ‘బీజీఎంలో ఆస్కార్ కొట్టిండు’ అంటే రహ్మాన్ అభిమాని ఊరుకోడు. 2009లో ‘స్లమ్‌డాగ్ మిలియనీర్’కు రహ్మాన్‌కు రెండు ఆస్కార్లు వచ్చాయి, ఒకటి నేపథ్య సంగీతానికి, ఒకటి పాటకు. అంతమాత్రాన కీరవాణి అభిమాని తగ్గాల్సిన పని లేదు. 2021 సంవత్సరపు జాతీయ అవార్డుల్లో నేపథ్య సంగీతానికి అవార్డు ‘ఆర్ఆర్ఆర్’కు కీరవాణికే వచ్చింది. అదే ఏడాది పాటలకు అవార్డు ‘పుష్ప’కు దేవిశ్రీ ప్రసాద్‌కు వచ్చింది. రెండూ తెలుగు సినిమాలకే. ఒకే గదిలో ఇద్దరూ గెలిచే వాదన అది. దాని మీద కూడా కొట్టుకునేవాళ్ళను చూశాం.

పాటలు ఒకరు, బీజీఎం ఇంకొకరు చేసిన సినిమాలూ ఉన్నాయి. ‘సీతమ్మ వాకిట్లో సిరిమల్లె చెట్టు’కు పాటలు మిక్కీ జె మేయర్‌వి, నేపథ్య సంగీతం మణిశర్మది. ‘అర్జున్ రెడ్డి’కి పాటలు రధన్‌వి, నేపథ్య సంగీతం హర్షవర్ధన్ రామేశ్వర్‌ది. ఆ హర్షవర్ధనే తర్వాత ‘యానిమల్’ నేపథ్య సంగీతానికి జాతీయ అవార్డు తీసుకున్నాడు. కాబట్టి వాదనకు దిగేముందు పేర్లు పడేటప్పుడు ఒక్క నిమిషం తెర వైపు చూడండి. పని చేసినవాడికి పేరు ఇవ్వాలి కదా. మన కష్టానికి వేరేవాడి పేరు పడితే మనకు ఎలా ఉంటుంది?

ఇక వరుసల సంగతి. అభిమానులు వర్గాలుగా విడిపోయారు గానీ, ఈ సంగీత దర్శకులు ఒకరికొకరు పరాయివాళ్ళు కారు. మన సైట్లలో హెల్పర్‌గా చేరినవాడు మేస్త్రీ పక్కన నిలబడి పని నేర్చుకుని, తర్వాత తానే మేస్త్రీ అవుతాడు చూశారా, అచ్చం అలాగే. ఇళయరాజా 1976లో మొదటి సినిమా చేయకముందు జి.కె. వెంకటేశ్ దగ్గర సహాయకుడు. గిటారు వాయించేవాడు. రాజ్-కోటి ఇద్దరూ చక్రవర్తి దగ్గర పనిచేసి పైకి వచ్చారు. కీరవాణి కూడా చక్రవర్తి దగ్గర సహాయకుడే. రహ్మాన్ ‘రోజా’కు ముందు రాజ్-కోటి దగ్గర కీబోర్డు వాయించాడు. మణిశర్మ కీరవాణి దగ్గర పనిచేశాడు. తమన్ మణిశర్మ దగ్గర పనిచేశాడు. ఇప్పుడు చెప్పండి, కీరవాణి పార్టీ, మణిశర్మ పార్టీ, తమన్ పార్టీ అని మూడు మంచాలు విడదీసుకుంటే ఏమైనా అర్థం ఉందా? అది ఒకే ఇంటి వరస.

ఇంకా పాతకాలానికి పోతే కూడా అంతే. ‘మాయాబజార్’ పాటలు ఘంటసాలవా, సాలూరి రాజేశ్వరరావువా అని పెద్దవాళ్ళు ఇప్పటికీ వాదిస్తారు. కొన్ని పాటలకు వరసలు రాజేశ్వరరావు కట్టారు, ఆయన తప్పుకున్నాక సినిమా సంగీతాన్ని ఘంటసాల పూర్తి చేశారు. ఇద్దరిదీ చెమటే. ‘శంకరాభరణం’తో జాతీయ అవార్డు తెచ్చుకున్న కె.వి. మహదేవన్‌ది తమిళ నేల. ఆయన పక్కన పుహళేంది ఏళ్ళ తరబడి సహాయకుడిగా ఉన్నారు. తెలుగు మాతృభాష కాని మనుషులు మన మాటకు ఇంత అందంగా వరస కట్టారంటే, పరాయి దేశంలో పనిచేస్తున్న మనకు అది మామూలు విషయమా?

మా దగ్గర జరిగిన వాదనల్లో మాకు నచ్చినవి రెండు చెబుతాం. నిజామాబాద్ వైపు తమ్ముడు ఒకాయన, మణిశర్మ అభిమాని. ‘అన్నా, పోకిరిల బీజీఎం తీసెయ్, ఆ సీన్లు ఏడ ఉంటయ్?’ అన్నాడు. ఎదురుగా గోదావరి జిల్లా ఆయన, ఇళయరాజా అంటే ప్రాణం. ‘ఆయ్, కాదనట్లేదండి. మరి శివ చూడండి. సైకిల్ చైను లాగేటప్పుడు ఏం వాయించాడో విని అప్పుడు మాట్లాడండి’ అన్నాడు. ఇద్దరూ ఫోన్లు తీశారు. ‘శివ’ వచ్చింది 1989లో, ‘పోకిరి’ వచ్చింది 2006లో. ఇద్దరూ ఎదుటివాడు చెప్పిన సీను చూశారు. ఎవరూ ఓడలేదు. తమ్ముడు ‘శివ’ సినిమా మొత్తం ఆ రాత్రే చూశాడట. అదీ వాదన అంటే.

రెండోది ఒక అక్క చెప్పిన మాట. ఇళ్ళల్లో పనిచేసే మనిషి. ‘మీరంతా హీరో నడిచొచ్చేటప్పుడు వచ్చే మోత గురించే మాట్లాడతారు. తల్లి ఒక్కతే కూర్చున్నప్పుడు వచ్చే సంగీతం గురించి ఒక్కరూ మాట్లాడరేం?’ అని అడిగింది. అందరూ మౌనం. ఆమె అన్నదాంట్లో న్యాయం ఉంది. పెద్ద శబ్దం అందరికీ వినిపిస్తుంది. చిన్న శబ్దం వినాలంటే చెవి పెట్టాలి.

ఇప్పుడు గట్టిగా చెప్పాల్సిన మాట. వాదన జారేది ఎలాగో మేం చాలాసార్లు చూశాం. సంగీతం నుంచి హీరో మీదకు. హీరో నుంచి కులం మీదకు. కులం నుంచి ‘మీ ఆంధ్రోళ్ళు’, ‘మీ తెలంగాణోళ్ళు’ అనే దాకా. అక్కడి నుంచి ఇంట్లో ఆడవాళ్ళ మీదకు. ఈ మెట్లు దిగడానికి పది నిమిషాలు పట్టదు. నోటి మాటగా ఉన్నంతవరకు పొద్దున్నే టీ ఇచ్చి సర్దుకోవచ్చు. అదే ఫోన్‌లో పెడితే సంగతి వేరు.

ఈ దేశంలో 2021లో వచ్చిన 34వ నంబరు ఫెడరల్ డిక్రీ చట్టం ఉంది. సైబర్ నేరాల చట్టం. ఫోన్‌లోగానీ నెట్‌లోగానీ ఒకరిని తిట్టినా, పరువు తీసేలా రాసినా జైలు ఉండొచ్చు, 2,50,000 నుంచి 5,00,000 దిర్హమ్‌ల దాకా జరిమానా ఉండొచ్చు, రెండూ ఉండొచ్చు. ‘మా రూం గ్రూపే కదా’, ‘వాయిస్ మెసేజే కదా’, ‘తెలుగులోనే కదా’ అంటే చెల్లదు. నెలకు 1,500 దిర్హమ్‌లు సంపాదించే మనిషి ఒక్క ఫిల్సు ఖర్చుపెట్టకుండా దాచినా 2,50,000 కూడబెట్టడానికి దాదాపు పద్నాలుగేళ్ళు పడుతుంది. ఒక బూతు మాటకు పద్నాలుగేళ్ళ కష్టం! ఎదుటివాడు అరుస్తుంటే వాడికి తెలియకుండా వీడియో తీసి నలుగురికీ పంపడం కూడా నేరమే. మతం, జాతి పేరుతో ద్వేషం రెచ్చగొడితే దానికి వేరే చట్టం ఉంది, అది ఇంకా కఠినం. మన సంగీత దర్శకులెవరికీ మన గదిలో ఇలా జరుగుతోందని తెలియదు. తెలిస్తే బాధపడతారు.

అందుకే మేం కొన్ని మాటలు అడుగుతున్నాం. ఇవి రూల్సు కావు, పెద్దమనుషుల ఒప్పందం అనుకోండి.

ఒకటి, విన్నదాని గురించే వాదించాలి. ‘ఆయన వేస్ట్’ అనడం వాదన కాదు. ఏ సినిమా, ఏ సీను, ఎక్కడ బాగాలేదో చెప్పాలి.

రెండు, ఎదుటివాడు చెప్పిన సీను మొత్తం వినాలి. మధ్యలో నవ్వకూడదు.

మూడు, వాదన నోటితోనే. గ్రూపులో రాతలు, వాయిస్‌లు వద్దు. కోపం వస్తే ఫోన్ పక్కన పెట్టి నీళ్ళు తాగాలి.

నాలుగు, నైట్ షిఫ్టు చేసి పడుకున్నవాడి నిద్ర అందరి అభిమానం కంటే పెద్దది. స్పీకర్ వద్దు, ఇయర్‌ఫోన్ పెట్టుకోవాలి.

ఐదు, గదిలో చిన్నవాడు, కొత్తగా వచ్చినవాడు ఎవరైనా ఉంటే ముందు అతన్ని అడగాలి, ‘నీకెవరు ఇష్టం తమ్మీ’ అని. ఆ అబ్బాయి ఇప్పటి కొత్త కుర్రాడి పేరు చెప్పినా, ఎవరికీ తెలియని డబ్బింగ్ సినిమా పేరు చెప్పినా సరే.

మీలో చాలామంది ‘బలగం’ చూసే ఉంటారు. 2023లో వచ్చింది. సంగీతం భీమ్స్ సిసిరోలియో. ఊళ్ళల్లో తెరలు కట్టి మరీ చూశారు. అందులో ఇంటి అల్లుడికి, బామ్మర్దికి తగువు ఎక్కడ మొదలైంది? విస్తట్లో నల్లి బొక్క దగ్గర. ఆ చిన్నదానికి ఏళ్ళ తరబడి మాటల్లేవు, రాకపోకల్లేవు. చివర్లో బుడగజంగాల కళాకారులు మొగిలయ్య, కొమురమ్మ దంపతులు పాడుతుంటే థియేటర్లో ఏడవనివాడు లేడు. అక్కడ పెద్ద ఆర్కెస్ట్రా లేదు, వంద వయొలిన్లు లేవు. మనుషుల గొంతు ఉంది, పోయినవాడిని తలుచుకునే మాట ఉంది. దాన్ని మించిన నేపథ్య సంగీతం ఎవరిదో మీరే వాదించుకోండి. మేం చెప్పేది ఒక్కటే. తల్లిదండ్రులకు, పెళ్ళాం పిల్లలకు దూరంగా ఉన్న మనకు ఇక్కడ బలగం అంటే గదిలో ఉన్న ఆ ఏడెనిమిది మందే. జ్వరం వస్తే గంజి కాచేది వాళ్ళే. ఊళ్ళో చావు కబురు వస్తే టికెట్ డబ్బులు పోగుచేసేది వాళ్ళే. వాళ్ళను ఒక ట్యూన్ కోసం పోగొట్టుకోకూడదు.

వచ్చే సమావేశంలో భోజనాల తర్వాత ఒక గంట దీనికే పెడుతున్నాం. ఒక్కో గది నుంచి ఒకరు రావాలి, తమకు ఇష్టమైన ఒక్క సీను తేవాలి. ముందు బొమ్మ లేకుండా శబ్దం మాత్రమే వింటాం. ఎవరి సంగీతమో, ఏ సినిమానో సభ చెప్పాలి. తర్వాత తెచ్చినవారు అది తమకు ఎందుకు ఇష్టమో రెండు మాటలు చెప్పాలి. మార్కులు లేవు, బహుమతులు లేవు. ఆడవాళ్ళు కూడా తప్పకుండా తేవాలి. మాట పడిపోయిన గదులు రెండు మూడు మాకు తెలుసు, పేర్లు చెప్పం. వాళ్ళు ఇద్దరూ కలిసి ఒకే సీను తెస్తే మాకు అంతకంటే సంతోషం లేదు.

టీ తయారుగా ఉంది. ఇళయరాజా పార్టీ, కీరవాణి పార్టీ, మణిశర్మ, దేవి, తమన్, రహ్మాన్ పార్టీలు అందరికీ ఒకే కెటిల్.