మట్టి అమ్ముకున్న దీవి
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నేను 1985 టెన్త్ బ్యాచి. మెకానికల్ ఇంజనీరుని. ఉపన్యాసాలు నాకు అలవాటు లేదు. "దేశాలు తిరిగావు కదా, పిల్లలకు పనికొచ్చేలా ఏదో ఒక దేశం గురించి పావుగంట చెప్పు" అన్నారు కార్యదర్శి గారు. అమెరికా గురించి చెప్పడానికి ఈ సభలోనే పదిమంది ఉన్నారు. నేను నౌరూ గురించి చెబుతాను.

మన ఎనిమిదో తరగతి గదిలో గోడకు వేలాడే ప్రపంచ పటం గుర్తుందా? అందులో ఆస్ట్రేలియాకు ఈశాన్యంగా, భూమధ్యరేఖ దగ్గర ఎంత వెతికినా నౌరూ కనబడదు. ఆ చోట ఈగ వాలితే దేశం మొత్తం దాని కాలి కింద ఉంటుంది. విస్తీర్ణం 21 చదరపు కిలోమీటర్లు. జనాభా సుమారు 12 వేలు. వాటికన్, మొనాకోల తరవాత ప్రపంచంలో అతి చిన్న దేశం అదే. భూమధ్యరేఖకు 60 కిలోమీటర్ల లోపే, దక్షిణాన ఉంది. దగ్గరి పొరుగు దీవి బనాబా కూడా 300 కిలోమీటర్ల దూరం. దీవి చుట్టూ ఉన్న రోడ్డు 19 కిలోమీటర్లు. సైకిలు మీద పొద్దున టిఫిను చేసి బయల్దేరితే భోజనాల వేళకు చాలా ముందే తిరిగి రావచ్చు.

2016లో మా కంపెనీ నన్ను డీజిల్ జనరేటర్ల పని మీద అక్కడికి పంపింది. బ్రిస్బేన్ నుంచి విమానంలో నాలుగున్నర గంటలు. దిగగానే కొబ్బరిచెట్లు, ఉప్పుగాలి, ఉక్కపోత. మన కోనసీమ వాడికి కొత్తేమీ అనిపించదు. తీరం వెంట సన్నటి పట్టీలా ఉన్న నేల మీదే ఇళ్లన్నీ. నది లేదు. ఓడ వచ్చి ఆగే సహజమైన రేవూ లేదు. తాగునీరు వాన నుంచి పట్టుకోవాలి, లేదా సముద్రపు నీటిని శుద్ధి చేసుకోవాలి.

మూడో రోజు, జనరేటర్ హౌసులో పనిచేసే ఒక పెద్దాయన నన్ను దీవి మధ్యనున్న మెరకకు తీసుకెళ్లాడు. 'టాప్‌సైడ్' అంటారు దాన్ని. అక్కడ నేను చూసింది చెప్పడానికే ఈ రోజు లేచాను. కనుచూపు మేరా తెల్లగా, బూడిదరంగుగా నిలబడ్డ రాతిమొనలు. మనిషికి రెండింతల ఎత్తువి కూడా ఉన్నాయి. మధ్యలో గోతులు. మట్టి లేదు. దున్నడానికీ ఇల్లు కట్టడానికీ కాదుగదా, నడవడానికి కూడా వీల్లేదు. ఆ దేశంలో ఐదింట నాలుగు వంతుల నేల గతి అదే.

ఇది ఎలా జరిగిందో చెబుతాను. ఆ రాతిమొనల మధ్య ఒకప్పుడు నిండా ఫాస్ఫేట్ ఉండేది. పిల్లలూ, మీ ఇళ్లలో చేలకు చల్లే సూపర్ ఫాస్ఫేట్ ఉంది చూశారా, దాని ముడిసరుకు అది. 1899 ప్రాంతంలో సిడ్నీలోని ఒక వర్తక కంపెనీ ఆఫీసులో తలుపు కొట్టుకోకుండా ఒక రాయి అడ్డం పెట్టేవారు. నౌరూ నుంచి ఎవరో తెచ్చిన రాయి. ఆల్బర్ట్ ఎల్లిస్ అనే ఉద్యోగికి అనుమానం వచ్చి పరీక్ష చేయిస్తే మేలురకం ఫాస్ఫేట్ అని తేలింది. అప్పుడు దీవి జర్మనీ చేతిలో ఉంది. 1907 నాటికి తవ్వకం మొదలై ఎగుమతి సాగింది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆస్ట్రేలియా దీవిని తీసుకుంది. 1919లో బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ఒప్పందం చేసుకుని ఫాస్ఫేట్‌ను పంచుకున్నాయి. మార్కెట్టు ధరకంటే తక్కువకు తమ రైతులకు అందించాయి. అక్కడి చేలు పచ్చబడ్డాయి. ఇక్కడి నేల రాయి అయింది. నేల సొంతదారులకు దక్కింది స్వల్పం.

ఆ ప్రజల గురించి ఒక మాట చెప్పాలి. నౌరూ వాళ్లు పన్నెండు తెగలు. వాళ్ల జెండాలోని నక్షత్రానికి పన్నెండు మొనలు అందుకే. 1920లో ఇన్‌ఫ్లుయెంజా వచ్చి ఐదారుగురిలో ఒకరు పోయారు. జాతి నిలబడాలంటే కనీసం 1,500 మంది ఉండాలని అనుకున్నారు. 1932లో ఆ సంఖ్య పూర్తి చేసిన బిడ్డ పుట్టిన రోజును 'అంగమ్' పేరుతో పండగ చేసుకున్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ సైన్యం 1,200 మందిని ట్రుక్ దీవులకు తరలించింది. 1946 జనవరి 31న తిరిగి వచ్చినవాళ్లు 737 మంది. జనాభా మళ్లీ 1,500 చేరడానికి 1949 దాకా పట్టింది. అక్టోబరు 26న ఇప్పటికీ అంగమ్ పండగ చేస్తారు.

1960ల్లో ఆస్ట్రేలియా, "మీ దీవి ఎలాగూ అయిపోతోంది, క్వీన్స్‌లాండ్ పక్కన కర్టిస్ దీవి ఇస్తాం, అక్కడికి వచ్చేయండి" అని ప్రతిపాదించింది. అక్కడ తమ దేశం తమదిగా ఉండదని తెలిసి 1964లో వాళ్లు ఒప్పుకోలేదు. 1968లో స్వతంత్రులయ్యారు. తేదీ ఏది ఎంచుకున్నారో తెలుసా? జనవరి 31. ట్రుక్ నుంచి తమవాళ్లు తిరిగొచ్చిన రోజు.

వాళ్ల ప్రభుత్వం కూడా ఆసక్తిగా ఉంటుంది. పార్లమెంటులో ఇప్పుడు 19 మంది సభ్యులు, మూడేళ్ల పదవీకాలం. అధ్యక్షుణ్ణి తమలోంచి సభ్యులే ఎన్నుకుంటారు. ఓటరు అభ్యర్థులందరికీ వరస నంబర్లు వేయాలి. మొదటివాడికి ఒక మార్కు, రెండోవాడికి అర మార్కు, మూడోవాడికి మూడో వంతు, అలా సాగుతుంది. లెక్కల మాస్టారికి నచ్చే ఎన్నిక. పార్టీల పట్టు పెద్దగా లేదు. అందరూ అందరికీ బంధువులే. అందుకే ప్రభుత్వాలు నిలవలేదు. 2011 నవంబరులో ఒకే వారంలో ముగ్గురు అధ్యక్షులను చూశారు.

ఇక డబ్బు సంగతి. 1970లో ఫాస్ఫేట్ గనులు వాళ్ల చేతికి వచ్చాయి. కొన్నేళ్లలోనే తలసరి ఆదాయంలో ప్రపంచంలో ముందు వరసకు చేరారు. ఆదాయపు పన్ను లేదు. సొంత విమాన సంస్థ. మెల్‌బోర్న్‌లో 52 అంతస్తుల నౌరూ హౌస్. వాళ్లను తెలివితక్కువవాళ్లు అనకండి. ఫాస్ఫేట్ అయిపోతుందని వాళ్లకు తెలుసు. రేపటి కోసం ట్రస్టు నిధి పెట్టుకున్నారు. అయితే ఆ నిధి లెక్కలు జనం ముందుకు సరిగా రాలేదు. దాన్ని చూపించి అప్పులు చేశారు. నష్టాల వ్యాపారాల్లో పెట్టారు. 1993లో లండన్‌లో ఒక సంగీత నాటకానికి కూడా పెట్టుబడి పెట్టారు, అది కొద్ది వారాల్లోనే మూతబడింది. 2004లో నౌరూ హౌస్ అమ్ముడుపోయింది. 2005లో అప్పులవాళ్లు ఉన్న ఒక్క విమానాన్నీ పట్టుకుపోయారు.

తరవాత బతుకుతెరువు? చేపల వేటకు విదేశీ పడవలకు అమ్మే లైసెన్సులు, ఆస్ట్రేలియా నడిపే శరణార్థుల కేంద్రం, విదేశీ సాయం. స్వాతంత్ర్యానికి ముందు తవ్విన నేల బాగు చేయించమని 1989లో ఆస్ట్రేలియా మీద అంతర్జాతీయ న్యాయస్థానంలో కేసు వేసి, 1993లో 10.7 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్లకు రాజీపడ్డారు. 2014లో ఆదాయపు పన్ను పెట్టారు. 2015లో కొత్త నిధి మొదలుపెట్టి, ఈసారి డబ్బిచ్చిన దేశాల ప్రతినిధులను కూడా కమిటీలో కూర్చోబెట్టారు. సముద్రం పెరుగుతోంది కనక, తీరంలోని ఇళ్లను ఆ టాప్‌సైడ్ మీదికే మార్చాలని ప్రణాళిక వేసుకున్నారు. పోగొట్టుకున్న నేల దగ్గరికే మళ్లీ వెళ్లాల్సి వచ్చింది.

ఆ రాతిమొనల మధ్య నిలబడినప్పుడు నాకు మా చేను గుర్తొచ్చింది. ఈ మాట ఇంతవరకూ బయట ఎక్కడా చెప్పలేదు. 1988లో నా ఇంజనీరింగు రెండో ఏడు. హాస్టలు బాకీ పేరుకుంది. మా నాన్న ఎకరం మెరక చేను పైమట్టి ఇటుకబట్టీకి అమ్మాడు. రెండడుగులు తీస్తామన్నవాళ్లు మూడడుగులు దాటించారు. నేను ఏడ్చాను. "మట్టి మేట వేసి మళ్లీ వస్తుందిరా. పోయిన చదువు రాదు" అన్నాడు. తరవాత మూడు నాలుగేళ్లు ఆ చేలో పంట సరిగా రాలేదు. నాన్న ఏటా జీలుగ, జనుము చల్లి కలియదున్నాడు. కాలవ పూడిక తోలించాడు. ఆ చేను తేరుకోవడానికి పదేళ్లు పట్టింది. ఇప్పుడు మా తమ్ముడు చేస్తున్నాడు.

నేనూ మట్టి అమ్మిన డబ్బుతో చదివినవాణ్ణే. కాబట్టి మట్టి అమ్మడం తప్పని చెప్పే అర్హత నాకు లేదు. నౌరూ చూశాక నాకు అర్థమైంది ఒకటే. మూలధనం కరిగించక తప్పనప్పుడు, అది దేనిగా మారుతోందో, లెక్క ఎవరు చూస్తున్నారో తెలిసి ఉండాలి. మా నాన్నకు ఆ రెండూ తెలుసు. ఆ డబ్బు ఏ నెల ఎంత పంపాడో రాసిన చిన్న పుస్తకం ఇప్పటికీ మా ఇంట్లో ఉంది.

చివరగా ఒక మనవి. మన స్వర్ణోత్సవ నిధితో గేటు దగ్గర పెద్ద ఆర్చి కట్టాలని కొందరు మిత్రులు, బ్యాంకులో వేసి వడ్డీతో ఏటా పేద పిల్లల పైచదువుకు సాయం చేయాలని కొందరు అంటున్నారు. ఆర్చి అడిగేవాళ్లకూ బడి మీద ప్రేమే. కానీ ఇది యాభై ఏళ్లుగా ఎందరో కొద్దికొద్దిగా కూడబెట్టిన పైమట్టి. అసలు ముట్టకుండా వడ్డీ వాడుకుందాం. ఏటా ఆగస్టు 15న జమాఖర్చులు నోటీసు బోర్డుకు అంటిద్దాం. ఎనిమిదో తరగతి పిల్లవాడైనా చదివి ప్రశ్న అడిగేలా ఉండాలి. ఆర్చి కావాలనుకునే వాళ్లం విడిగా చందా వేసుకుని కడదాం, అందులో మొదటి చందా నాది రాసుకోండి.

పిల్లలూ, ఇంటికెళ్లి మీ పటంలో నౌరూ వెతకండి. కనబడకపోతే భూమధ్యరేఖకు కాస్త కింద పెన్సిలుతో ఒక చుక్క పెట్టండి.